సగం తగ్గించిన నొప్పి

కుజుడి మీద ఆ గని కాలనీలో దగ్గూ జలుబూ లేవుగానీ, మొలల బాధ లేని మనిషి మాత్రం అరుదు. రోజంతా రోవర్ సీట్లకు అతుక్కుపోయి, ఎండబెట్టిన తిండి తిని, నీళ్లు కొలిచి తాగే జనానికి ఇంకేం వస్తాయి!

అందుకే డాక్టర్ మృణాళిని ‘నాడిముద్ర’ను కనిపెట్టింది. ఆపరేషన్ అయినవాళ్ల నరాల్లో పుట్టిన నొప్పిని ఆ యంత్రం రికార్డు చేస్తుంది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు అదే నొప్పి తెలుస్తుంది. కత్తా, స్టేప్లరా, లేజరా అన్నది రోగి ముందే రుచి చూసి తేల్చుకోవచ్చునని ఆమె మురిసిపోయింది. తీరా రుచి చూసినవాళ్లంతా ఏదీ వద్దని పారిపోయారు.

రోవర్ డ్రైవర్ సింహాద్రి లేజర్‌కు పెదవి కొరుక్కున్నాడు, స్టేప్లర్‌కు చెమటలు కక్కాడు, కత్తికి కెవ్వుమన్నాడు.

“బాబోయ్, ఇదేటి డాక్టరమ్మా! సచ్చిపోయినా సరే, నాను కోయించుకోను.”

“లేజర్ తేలికే సింహాద్రీ. కానీ నీ మొలలు బాగా ముదిరాయి, మళ్లీ వస్తాయి. స్టేప్లర్‌దీ అదే గొడవ. కోసి తీసేస్తే పుండు మానడానికి వారాలు పట్టినా పీడ విరగడవుతుంది. రక్తం ఇలాగే పోతే నువ్వు దక్కవు.”

“ఒద్దమ్మా.” గుమ్మం దగ్గర ఆగి, “అవునూ, మీరెప్పుడూ నిలబడే ఉంటారేటి?” అన్నాడు. మృణాళిని ముఖం తిప్పుకుంది.

కొన్నాళ్లకే అతను రక్తం చాలక గనిలో స్పృహ తప్పాడు. అతనికి తెలివి రాగానే ఆమె ఒక పాపం చేసింది. కత్తి రికార్డును సగానికి తగ్గించి, కొత్త పద్ధతి వచ్చిందని చెప్పి హెల్మెట్ పెట్టింది.

“ఇంతేనేటి? అయితే కొయ్యండి!”

ఆపరేషన్ తర్వాత, అతను గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చున్నప్పుడు, మొదటిసారి విరేచనానికి వెళ్లినప్పుడు, నొప్పిని రికార్డు చేసి చూసింది. చూసి అదిరిపోయింది. తర్వాత అదే సగం రికార్డు చూసి కోయించుకున్నవాళ్లందరిలోనూ అదే ఫలితం.

“ఇమ్మానుయేలూ, అదే కత్తి, అదే కోత, అదే పుండు. నొప్పి మాత్రం సరిగ్గా నేను చూపించినంతే! సగమే!”

తోటి సర్జన్ ఇమ్మానుయేలు నోరు తెరిచాడు. “మరి మిగతా సగం ఏమైనట్టు?”

“భయం. ఇన్నాళ్లూ కాంటీన్‌లో ఒకరికొకరు చెప్పుకుని పెంచుకున్న నొప్పిని నేను నిజమని రికార్డు చేశాను. ఇంకో మాట. నాకూ చాన్నాళ్లుగా రక్తం పడుతోంది. సిగ్గుతో దాచాను. ఇక ఆగేలా లేదు.”

“రేపే చేసేద్దాం. ముందు హెల్మెట్ పెట్టుకోండి మేడమ్, అందరిలాగే…”

“ఎలా పెట్టుకోను? అది అబద్ధమని నాకు తెలుసుగా!”

ఆపరేషన్ మర్నాడు ఆమె కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. ఏ రికార్డులోనూ లేనంత నొప్పి. సింహాద్రి వేణ్ణీళ్ల టబ్బు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అతని వెనక, ఆ వారం కోయించుకోవలసినవాళ్లు గుమ్మం నిండా నిలబడి ఆమె ముఖమే చూస్తున్నారు.

“అంతలా అరిసీసారేటమ్మా? మీ మిషను సూపించినంతే కదా నొప్పి?”

మృణాళిని దుప్పటిని పిడికిట్లో బిగించింది. వాళ్లందరినీ ఒక్కసారి చూసింది.

“అంతే సింహాద్రీ,” అంది నవ్వడానికి ప్రయత్నిస్తూ. “అంతకంటే ఏమీ లేదు.”