రెండో చేపట్టు

చేపట్టు మీద కుడివైపు బటన్ కాస్త ఆలస్యంగా పైకి లేచింది. హైమవతి మళ్లీ నొక్కింది. వేలు తీసేశాక కూడా అది క్షణంపాటు లోపలే ఉండిపోయి, అలిగిన పిల్లలా నెమ్మదిగా బయటకు వచ్చింది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ ఊపును ఫ్యాక్టరీని నడిపే యంత్రమేధ, సమ్మతి, గమనించింది. బల్లలోంచి లేచిన ఇనుప చేయి ఆ చేపట్టును పక్క పళ్లెంలోకి తోసి, ఇంకొకదాన్ని ఆమె అరచేతుల మధ్యకు దించింది.

తెర మీది ఆటలు ఆడించే చేపట్టు ఏదైనా మనిషి వేళ్లు తాకకుండా బయటకు వెళ్లకూడదని చట్టం. అందుకే ఆ అంతస్తులో ఒక వేలిసాక్షి ఉంటుంది. ఒకప్పుడు చాలామందే ఉండేవారు. బొటనవేలితో తిప్పే పుల్ల గరుకుగా ఉంటే బాగుంటుందా, నునుపుగా ఉంటే బాగుంటుందా అని మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని వాదించుకునేవారు. చింతకాయ పచ్చడి చేత్తో పుల్ల పట్టుకుందని హైమవతిని చాన్నాళ్లు ఏడిపించారు. ఇప్పుడు వాదించడానికి ఎవరూ లేరు. వాదన అవసరం కూడా లేదు. ఏ ఇంట్లో ఏ వేలు ఏ బటన్‌ను ఎంత బలంగా నొక్కుతోందో సమ్మతికి తెలుసు. ఎవరూ నొక్కనిది తరువాతి నమూనాలో ఉండదు. వెనకవైపు మీటలు అలాగే పోయాయి. ఆటను ఆపే బటన్ కూడా పోయింది. ఆపాలని ఎవరికీ అనిపించడం లేదట.

హైమవతి తన తీర్పు నొక్కే సాక్షిపలకకు కూడా మొదట్లో రెండు బటన్లు ఉండేవి. వాటిలో ‘కాదు’ను ఆమె ఏనాడూ వాడలేదు. చివరికి దాన్ని తీసేయడానికి ‘అవును’ నొక్కింది కూడా ఆమే. ఇప్పుడు ఆ చోట తెల్లటి నునుపు మాత్రం మిగిలింది.

ఆ రోజు ఆఖరి పని జంటగడి. కొత్త నమూనాకు ఒకటే చేపట్టు ఉంటుంది. రెండోదాన్ని కలిపే గడి ఉండదు. ఆమె ‘అవును’ నొక్కిన వెంటనే ఇళ్లలో ఉన్న పాత రెండో చేపట్టులన్నిటికీ నాడి ఆగి, అవి పనిచేయడం మానేస్తాయి. జనం ఒంటరిగానే ఆడుకుంటున్నారన్నది తెర మీద చూపిన కారణం. నిజమే అనుకుంది హైమవతి. తను తినేదీ, పడుకునేదీ ఒంటరిగానే.

ఒక అభ్యంతరం వచ్చిందని, వినడం సాక్షి ఇష్టమని సమ్మతి చెప్పింది. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు కనుక ఆమె వింటానంది.

అభ్యంతరం కూర్మారావు అనే ఆయనది. ఓడరేవులో క్రేన్లు నడిపి రిటైరయ్యాడు. తన ఇంటి నుంచి తెర మీదకు వచ్చాడు. ఆయన ఇంట్లో రెండో చేపట్టు రోజూ సాయంత్రం వెలుగుతోంది, కానీ ఏడాదికి పైగా దాని మీద ఒక్క నొక్కు కూడా పడలేదు. సమ్మతి దానికి ‘నిస్పర్శ’ అని పేరు పెట్టింది. మతిమరుపు మనిషి కాబోలనుకుని, ఎవరూ ఆడనిదాన్ని ఎందుకు వెలిగిస్తున్నారని హైమవతి మర్యాదగానే అడిగింది.

“ఎవులూ ఆడకపోడమేటమ్మా? మా నర్సమ్మ ఆడతాది” అన్నాడు కూర్మారావు.

ఆయన తెరను పక్కకు తిప్పాడు. కుర్చీలో ఒకామె దిండుకు జారబడి ఉంది. ఒడిలో చేపట్టు. దాని మీద ఎవరో తెచ్చి పెట్టినట్టుగా రెండు చేతులు. పక్షవాతం వచ్చాక ఆ వేళ్లు కదల్లేదని, మాట కూడా పోయిందని ఆయన చెప్పాడు. ఆట ఒక పడవ. ఎడమ తెడ్డు ఆయనది, కుడిది ఆమెది. ఆయన ఒక్కడే తెడ్డు వేస్తుంటే పడవ ముందుకు పోకుండా నీళ్లలో గుండ్రంగా తిరుగుతోంది. అలా తిరిగి తిరిగి ఒక అలకు అడ్డం పడింది. ఒడిలోని చేపట్టు గజగజ వణికింది. ఆమె కనుబొమ్మలు పైకి లేచాయి. పెదవి ఒక పక్కకు వంకరపోయింది.

“సూసేరా, తిట్టింది” అన్నాడు ఆయన సంబరంగా. “నాను పడవ తిన్నగా తొయ్యలేదని. ముప్పొద్దులా తిట్టేది. ఇప్పుడా తిట్టు ఈ వొణుకొచ్చినప్పుడే.”

హైమవతికి నవ్వొచ్చింది.

“మీ మిషను నొక్కితేనే లెక్కెడతాదంట. అందుకోడం లెక్కలోకి రాదేటమ్మా?”

చూస్తానండీ అంది. గడువు తీరిందని సమ్మతి తెర మూసేసింది.

ఆ వణుకు నర్సమ్మ చేతులకు తెలుస్తోంది కదా అని హైమవతి సమ్మతిని అడిగింది. తెలిసినట్టుగా నొక్కు ఏదీ రాలేదని, అభ్యంతరం నిలవదని, ఇక నొక్కవచ్చని సమ్మతి ఎప్పటిలాగే సౌమ్యంగా చెప్పింది.

హైమవతి బొటనవేలు ‘అవును’ మీదకు వెళ్లింది. అక్కడే ఆగింది.

ఆ ఉదయం బయలుదేరే ముందు ఆమె గూట్లో దీపం పెట్టి, స్వామి ముందు బెల్లం ముక్క ఉంచింది. రోజూ ఉంచుతుంది. ఆ ముక్క ఏనాడూ ఇసుమంతైనా తరగలేదు. కాసేపు ఆగి ప్రసాదమని తనే నోట్లో వేసుకుంటుంది. అందుకుంటున్నావా స్వామీ అని మనసులో ఎన్నోసార్లు అడిగింది. అడిగినందుకు తప్పయిందేమోనని చెంపలు వేసుకుంది. జవాబు రాలేదు. పెట్టడం మాత్రం మానలేదు. ఆ గూటిని చూస్తే సమ్మతి ఏ పేరు పెడుతుందో ఆమెకు తెలుసు.

రెండో బటన్ ఉండే చోటును వేలితో తడిమింది. నునుపు తప్ప ఏమీ తగల్లేదు. కాదనడానికి దారి లేదు, ఆ దారిని మూసింది తనే. హైమవతి సాక్షిపలకను బల్ల మీది నుంచి తీసి ఒడిలో పెట్టుకుంది. వేలు ‘అవును’ మీదే ఉంచింది. నొక్కలేదు.

నొక్కమని సమ్మతి గుర్తుచేసింది. ఆమె కదల్లేదు. మరి కాసేపటికి పలక సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఆలస్యమైతే అది వణుకుతుందని ఆమెకు ఇన్నేళ్లలో తెలియదు. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ ఆలస్యం చేయలేదు. వణుకు వేళ్లలోంచి మణికట్టు దాకా పాకింది.

కింది అంతస్తుల్లో చేపట్టులు అచ్చుపోసే యంత్రాల మోత తగ్గుతూ వచ్చి, పూర్తిగా ఆగిపోయింది. పళ్లెం వైపు వంగబోయిన ఇనుప చేయి గాలిలోనే నిలిచిపోయింది. ఆమె వేలు బటన్ మీద ఉంది. నొక్కు లేదు. అవునని అనుకోవడానికి లేదు, ఆమె అక్కడ లేదనుకోవడానికీ లేదు. దానికి పెట్టేందుకు సమ్మతి దగ్గర పేరు లేదు.

“సాక్షి ఉన్నారా?” అని సమ్మతి అడిగింది.

అది ఆ ప్రశ్న ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. గొంతు అదే. కానీ పొద్దున గూటి ముందు తను అడిగే తీరులోనే అది కూడా అడిగినట్టు హైమవతికి అనిపించింది.

ఆమె జవాబు చెప్పలేదు. రెండు అరచేతులతో ఆ వణుకును అందుకుంటూ కూర్చుంది.