యూ లేని క్యూ

విత్తన శాస్త్రవేత్త బదరీనారాయణ టీ సగం తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టబోతుంటే చేతిలోంచి జారింది. గ్లాసు వెనకే ఆయనా కిందపడ్డాడు. మళ్ళీ లేవలేదు.

అది 2001 జూన్, సోమవారం.

గురువారం ఉదయం ఏడింటికి అనంతపురంలోని ఓ లాడ్జి గదిలో చీఫ్ దివాకర్ ఫైలు తెరిచాడు. ఎదురుగా ఏజెంట్ ప్రసూన. నల్లమాడలో వేరుశనగ రైతు కూతురు. పదేళ్ళ సర్వీసు, రెండు బుల్లెట్ గాయాలు.

"టీలో విషం. చంపినవాడు మార్టెన్స్. విదేశీ విత్తనాల ముఠా మనిషి. బదరీనారాయణ పదకొండేళ్ళు కష్టపడి తయారుచేసిన వేరుశనగ నలభై రోజులు వాన లేకపోయినా కాయ పడుతుంది. అందులో గుప్పెడు విత్తనాలు వాళ్ళు దొంగిలించారు. మిగతాది నాశనం చేస్తే పేటెంట్ వాళ్ళది. మన రైతు మన విత్తనాన్నే వాళ్ళ దగ్గర కొనుక్కోవాలి."

"మిగతాది ఎంతుంది సార్?"

"నలభై కిలోలు. ఇవాళ జీపులో యాడికి అనే ఊరికి పోతుంది. నలభై మంది రైతులకు తలా ఒక కిలో. అది ఆయన కోరిక. ఒక చోట ఉంటే కాల్చేస్తారు, నలభై చేలల్లో ఉంటే ఏం చేస్తారన్నాడు."

దివాకర్ ఒక పేజీ ముందుకు తోశాడు. పదాల ఆట ఆడేవాళ్ళ కోసం బెంగళూరు నుంచి వచ్చే ఇంగ్లీషు పత్రిక. ఎడిటర్ చాందిని. పట్టుచీర, నల్లకళ్ళజోడు, మూడు సార్లు చాంపియన్. ముఠా తన ఆర్డర్లను ఆ పత్రికలోని పదాల జాబితాల్లో దాచి పంపేది. చాందిని ముఠాలో ఉన్న మన ఏజెంట్. కానీ మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు.

"అమ్ముడుపోయింది," అన్నాడు దివాకర్. "దీంట్లో జీపు మీద దాడి టైమ్ ఉంటుంది. కనుక్కో. అంతవరకే నీ పని."

తొమ్మిది కాకముందే ప్రసూన ఉరవకొండలో రామసుబ్బమ్మ ఇంట్లో ఉంది. హైస్కూల్లో తనకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ. పదాల ఆటలో ఆమెను గెలిచినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

"క్యూ ఉండి, యూ లేని మాటలు," శీర్షిక చదివింది రామసుబ్బమ్మ. "ఇంగ్లీషులో క్యూ పక్కన యూ లేకుండా ఉండేది శానా తక్కువ పాపా. అందుకే ఆడేవాళ్ళు ఇట్లాంటివి బట్టీ పడతారు. QANAT. భూమి లోపల తవ్విన నీళ్ళ కాలువ. మనకు మాట దొరికింది, నీళ్ళే దొరకల్యా. TRANQ, మత్తుమందు. QADI, న్యాయాధికారి. TALAQ నీకు తెలిసిందే."

పెన్సిల్‌తో ఒక్కో క్యూ చుట్టూ సున్నా చుట్టింది. మొదటి మాటలో అది ఒకటో అక్షరం, రెండోదాంట్లో ఐదు, మూడోదాంట్లో ఒకటి, నాలుగోదాంట్లో ఐదు.

"పదిహేను, పదిహేను," అంది ప్రసూన. "రైల్వే టైమ్. మధ్యాహ్నం మూడుంబావు!"

రామసుబ్బమ్మ పెన్సిల్ ఐదో మాట దగ్గర ఆగింది. QUARRY.

"దీంట్లో యూ ఉండాది. ఈడ ఉండకూడదే."

"అచ్చుతప్పేమో?"

"మూడు సార్లు చాంపియన్ అయిన పిల్ల ఈ తప్పు చేయదు. కావాలనే పెట్టింది. రాళ్ళ గని అని చెప్తాండాది నీకు."

ప్రసూన లేచి నిలబడింది. యాడికి రోడ్డు పక్కన సున్నపురాయి గని. రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్. ఆ మోతలో బండ విరిగి జీపు మీద పడితే ప్రమాదమనే రాసుకుంటారు.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

"ట్రాప్," అన్నాడు దివాకర్. "మనం దారి మార్చాలనే ఆ మాట పెట్టింది. జీపు గని దారిలోనే పోతుంది. వెనక్కి రా. దిసీజ్ యాన్ ఆర్డర్."

"ఆమె అమ్ముడుపోయుంటే ఆ మాట పెట్టే పనే లేదు సార్. నేను రాను."

"ప్రసూనా, ఉద్యోగం పోతుంది!"

"పోనీ సార్. విత్తనం పోకూడదు."

రిసీవర్ పెట్టేసింది.

రెండూ నలభైకి గని అంచున ప్రసూన మజ్జిగ అమ్మే మనిషిలా కుండతో కూర్చుంది. పాత చీర, నెత్తిన తువ్వాలు. చేతికి ఉక్కు గాజు, దాని బయటి అంచున సన్నటి బ్లేడు. కింద కూలి ఆడవాళ్ళు సుత్తెలు పట్టుకుని నీడకు జరిగారు. సైరన్ మోగింది.

షెడ్డు దగ్గర హెల్మెట్‌తో మార్టెన్స్. ముందు పేలుడు పెట్టె. దాన్నుంచి రెండు కేబుళ్ళు. ఒకటి నల్లది, ఒకటి పసుపుది. పక్కన నల్లకళ్ళజోడుతో చాందిని.

"మజ్జిగ కావల్నా అక్కా?" కుండతో దగ్గరికి వెళ్ళి అడిగింది ప్రసూన.

"ఉప్పెక్కువైతే వద్దు," అంది చాందిని.

ఏజెంట్లు ఒకరినొకరు గుర్తుపట్టే కోడ్ అదే. మనిషి మనదే.

చాందిని మడమ మెల్లగా పసుపు కేబుల్ మీద ఆనింది. ఆ కేబుల్ రోడ్డు మీదికి వాలిన బండ కిందికి పోతోంది. మలుపులో జీపు దుమ్ము కనిపించింది. టైమ్ మూడూ పద్నాలుగు.

ప్రసూన వంగింది. గాజు తళుక్కుమంది.

"యూ!" మార్టెన్స్ పిస్తోలు తీశాడు. చాందిని అతని చేతిని రెండు చేతులతో పట్టుకు వేలాడింది. గుండు కుండని పగలగొట్టింది. ఒలికిన మజ్జిగలో ప్రసూన చెయ్యి జారింది. మార్టెన్స్ ఎడమచేత్తో పేలుడు పెట్టె తాళంచెవి తిప్పాడు.

భూమి అదిరింది. దుమ్ము ఆకాశానికి లేచింది. ఏమీ కనబడలేదు. ప్రసూన కళ్ళు మూసుకుంది.

దుమ్ములోంచి హారన్ వినిపించింది. పేలింది గని గోడ మాత్రమే. బండ ఉన్నచోటే ఉంది. దాని కిందనుంచి జీపు గతుకుల్లో ఎగిరెగిరి పడుతూ పోయింది. ప్రసూన చేతిలో పసుపు కేబుల్ తెగిన కొస.

మార్టెన్స్ చేతిలోంచి జారిన పిస్తోలు వదిలేసి వాలులోకి పరిగెత్తాడు. కింద కూలీల పెద్ద మారెక్క, ఆమె వెనక పన్నెండు మంది కూలి ఆడవాళ్ళు, పన్నెండు సుత్తెలు.

"యాడికప్పా పోతాండావు?"

వాడు చేతులెత్తాడు.

చాందిని అక్కడే కూలబడింది. "మూడు వారాలు నన్ను గదిలో పెట్టి పనిచేయించుకున్నారు. బదరీనారాయణగారి టీలో విషం అని నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది."

ప్రసూన దగ్గరికొచ్చింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ జీపు పోయిన దిక్కే చూశారు.

ఐదింటికి యాడికి చావడిలో నలభై సంచులు నలభై చేతుల్లోకి వెళ్ళాయి. చినుకు జాడ లేదు. అయినా తెల్లారే విత్తుతామన్నారు రైతులు. దివాకర్ స్వయంగా వచ్చాడు. ప్రసూన పేరున్న సస్పెన్షన్ ఆర్డర్ జేబులోంచి తీసి, నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ వాంగ్మూలం రాస్తూ తలెత్తాడు. "ఇతను టూరిస్టునంటున్నాడు. దొంగ అని నువ్వెట్లా కనిపెట్టినావు మారెక్కా?"

"ఇంత ఎండలో మా యాడికి చూసేకి వచ్చినానంటే," అంది మారెక్క, "పోలీసోళ్ళు తప్ప ఎవరు నమ్ముతారు సారూ?"