ఒక్క డాబా మీదే కురిసిన వాన

"ఈ పోస్టర్ అంటిస్తే ఊరంతా తప్పే కొలుస్తుంది," అన్నాడతను, పలకరింపైనా లేకుండా.

సైన్స్ మ్యూజియంలో పరికరాల గది చూసుకునే అతనికి ఆమె అక్కడికక్కడే పేరు పెట్టేసింది: మిల్లీమీటర్.

ఆమె అక్కడ ప్రచారాల ఇన్‌ఛార్జి. జనం మ్యూజియానికి రావడం కాదు, మ్యూజియమే జనం ఇళ్లకి వెళ్లాలని ఆమె పంతం. అందుకే "మన వాన మనమే కొలుద్దాం" మొదలుపెట్టింది. ఇంటింటా డాబా మీద ఒక పాత్ర పెట్టి, వాన ఆగాక స్కేలుతో లోతు కొలిచి మెసేజ్ పంపాలి. ఆ కొలతలన్నీ కలిపి మ్యూజియం గోడ మీద పెద్ద వాన మ్యాపు పెడతారు.

"తప్పేముంది? కుండ బొమ్మ ఎంత ముద్దుగా ఉందో చూడండి."

"ముద్దుగానే ఉంది. పొట్ట లావు, మూతి సన్నం. అందులో కొలిస్తే వాన లెక్క రాదు. గోడలు నిటారుగా ఉన్న డబ్బా కావాలి."

"మీలాగా బిర్రబిగుసుకుని ఉండాలా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. పోస్టర్ మాత్రం మారింది. పైగా ఇంకో షరతు పెట్టాడు.

"అనుమానంగా ఉన్న కొలత వస్తే ఆ ఇంటికి మీరే ఫోన్ చేసి కనుక్కోవాలి."

"నాకు వేరే పనేం లేదా?"

"మాట్లాడటమే కదండీ మీ పని!"

మైకు దొరికితే వదలని మనిషి, ఫోన్ల పని కూడా నెత్తినేసుకుంది.

వానలు మొదలయ్యాయి. మెసేజీలు వచ్చి పడ్డాయి. ఒక్క ఇల్లు మాత్రం ఆమె ప్రాణం తోడేసింది. వీధంతా చినుకులు పడితే ఆ డాబా మీద కుంభవృష్టి! ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ ఎత్తేది.

"ఆంటీ, మీ డబ్బాలో ట్యాంకు నీళ్లేమైనా పడుతున్నాయా?"

"లేదమ్మా. ముందిది చెప్పు, భోంచేశావా? గొంతు నీరసంగా ఉందేం?"

"కొలిచేదెవరు ఆంటీ?"

"మావాడే. కూరలో ఉప్పు కూడా కొలవందే వెయ్యడు తల్లీ."

వాన పడినప్పుడల్లా ఇదే వరస. కొలత సంగతి తేలేది కాదు. ఆంటీ మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి ఆమె చిన్ననాటి అల్లరి దాకా అన్నీ దొర్లేవి. ఫోన్ పెట్టేశాక ఆమెకి మనసు తేలికపడేది.

మ్యాపు ప్రారంభం ఆదివారమనగా డైరెక్టర్ పిలిచి తేల్చేశారు.

"ఆ ఇంటి సంగతి తేలందే మ్యాపు గోడెక్కదు. తేలకపోతే ప్రచారం ఇంతటితో ఆపేద్దాం."

ఇంతమంది ఓపిగ్గా కొలిచిన వాన వృథా అయిపోవడమే! గొడుగు పట్టుకుని, మెసేజ్‌లో ఉన్న డోర్ నంబరు వెతుక్కుంటూ కురుస్తున్న జల్లులోనే బయల్దేరింది. ఇల్లు దొరికేసరికి వాన వెలిసింది.

"ఆంటీ, మ్యూజియం నుంచి..."

"వచ్చావా తల్లీ!" అంటూ తలుపు తీసిన ఆవిడ చేతిలో ఖాళీ మగ్గు ఉంది. వెనక డాబా మెట్లు దిగుతూ, స్కేలు పట్టుకుని, మిల్లీమీటర్!

ఆమె మగ్గు వంక చూసింది. స్కేలు వంక చూసింది.

"వీడు ఇంట్లో నీ ఊసెత్తని పూట లేదు. నీ ఎదుట మాత్రం మనసులో మాటకి నోరు పెగలదు," అంది ఆవిడ తొణక్కుండా. "కొలత తేడాగా ఉంటే నువ్వే ఫోన్ చేస్తావన్నాడు. సరే కదా అని నేనే మగ్గుడు నీళ్లు పోశాను." ఆ మాట అని ఆవిడ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"మీకు తెలీదా?" అంది ఆమె కోపంగా.

"మొదటిరోజే తెలిసింది."

"మరెందుకు పంపారు?"

"డబ్బాలో ఎంతుందో అంతే..."

"మేం అడిగింది డబ్బాలో ఎంతుందని కాదు, వాన ఎంత కురిసిందని!"

అతను తల దించుకున్నాడు. "ఫోన్‌లో మీరు నవ్వితే పక్కనుంచి వినబడేది. అందుకోసం తెలిసి తెలిసీ అమ్మ ఫోన్ నుంచి తప్పు కొలత పంపాను. మీ ప్రచారానికే ముప్పొస్తుందనుకోలేదు. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఈ కొలత మాత్రం తప్పు కాదు."

ఆమె ఎదుటే డైరెక్టర్‌కి ఫోన్ చేసి, తప్పంతా తనదేనని ఒప్పుకున్నాడు. అవతల పెద్దగా నవ్వు వినిపించింది.

"మ్యాపు గోడెక్కుతుందట. కాకపోతే ఆదివారం వచ్చిన జనానికి నేనే సంజాయిషీ చెప్పాలట. మైకులో!" అన్నాడు చెమటలు తుడుచుకుంటూ.

ఆమెకి నవ్వాగలేదు. కోపం ఎటు పోయిందో పోయింది.

"పక్కన నేనుంటాను లెండి. ఇకమీదట సరైన కొలతే పంపండి. వాన పడినా పడకపోయినా ఫోన్ మాత్రం చేస్తాను."

వంటింట్లోంచి గొంతు వినిపించింది. "అయితే మగ్గు బాత్రూంలో పెట్టెయ్యనా అమ్మా?"