గౌరమ్మ గదిలోని గాజుతొట్టి

చేపలు అమ్ముకునేవాడికి దెయ్యాల ఊసెందుకు కదిరప్పా అని నన్ను ఎగతాళి చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. చేసుకోండి, నాకేం పోయింది? ఆ సాయంత్రం చామరాజపేటలో జయరామప్ప ఇంట్లో ఉండింది నేను, మీరు కాదు.

ఎనభై నాలుగులో బెంగళూరులో ఉప్పునీటి చేపలు పెంచేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సముద్రపు నీళ్ళు మద్రాసు నుంచి డబ్బాల్లో, లారీ మీద రావాలి. బళేపేటలో ఇనుపసామాన్ల కొట్టున్న జయరామప్ప తన భార్య గౌరమ్మ ముచ్చటపడిందని తొట్టి పెట్టించాడు. కట్టింది నేనే. దాంట్లో స్కిమ్మర్ అనే గొట్టం చేసి నిలబెట్టిందీ నేనే. అదేం బ్రహ్మవిద్య కాదు. గొట్టంలో అడుగు నుంచి గాలి బుడగలు వదిలితే నీళ్ళలోని జిడ్డూ మురికీ నురగై పైకొచ్చి, గొట్టం నెత్తిన ఉన్న గిన్నెలో పడుతుంది. అప్పుడప్పుడు గిన్నె పారబోస్తే చాలు.

ఆ ఏడు ఆషాఢంలో గౌరమ్మ పోయింది. జ్వరమని పడుకుంది, మళ్ళీ లేవలేదు. పోయిన నక్షత్రం మంచిది కాదు, ధనిష్ఠా పంచకం అన్నాడు అయ్యవారు. మనవాళ్ళలో ఇది అందరికీ తెలిసిందే. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోయిన గదిని ఆరు నెలలు మూసెయ్యాలి, అందులోని వస్తువు గడప దాటకూడదు. దాటితే పోయినవాళ్ళు ఇంట్లో ఇంకొకరిని తోడు పిలుచుకుంటారు. జయరామప్ప అన్నీ పద్ధతిగానే చేశాడు, ఒక్కటి తప్ప. తొట్టి ఆ గదిలోనే ఉంది. "అమ్మ చేపలు చచ్చిపోతాయి నాన్నా" అని ఆరేళ్ళ కూతురు మునిలక్ష్మి అన్నం మానేసి ఏడ్చేసరికి, తొట్టిని నడిమింట్లోకి తెప్పించి, ఆ తర్వాత గదికి తాళం వేశాడు. తల్లిలేని బిడ్డ ఏడిస్తే ఎవరి మనసు ఆగుతుంది చెప్పండి?

అప్పటి నుంచి గొట్టం పొంగడం మొదలైంది.

"గిన్నె పారబోసేలోపల మళ్ళా నిండతా ఉండాది. నేలంతా నురగే. నువ్వు చేసింది గొట్టమా, బోరుబావా?" అన్నాడు జయరామప్ప నా చేపల కొట్టుకొచ్చి. నాకు ఒళ్ళు మండింది. పనిమంతుడు పందిరేస్తే పిచ్చుకలొచ్చి కూలదోసినాయంట, అట్లుంది నా బతుకు అనుకుంటూ సంచీ తగిలించుకుని వెళ్ళాను.

ముసురు పట్టిన సాయంత్రం. నడిమింట్లో మూలనున్న తొట్టి పచ్చగా వెలుగుతోంది. గొట్టం పై నుంచి తెల్లటి నురగ జారి, గాజు మీదుగా దిగి, నేల మీద పాకుతోంది. జయరామప్ప అక్క కెంపమ్మ గోనెపట్టాతో తుడుస్తోంది. మునిలక్ష్మి తొట్టికి ఎదురుగా పీట మీద కూర్చుని ఉంది. బూరెబుగ్గల పిల్ల, చెంపలు లోపలికి పోయి, కళ్ళు మాత్రం మిగిలాయి.

"తినదు, నిద్దర పోదు. పొద్దస్తమానం దీని ముందరే," అంది కెంపమ్మ. "డాక్టరు ఏమీ లేదంటాడు. నా తమ్ముడికి ఉండేది ఇదొక్కటే కదప్పా. దీనికేమన్నా అయితే వాడు బతుకుతాడా?"

నేను పనిలో పడ్డాను. గాలి ఎక్కువైతే నురగ పొంగుతుంది, కాబట్టి గాలి తగ్గించాను. పొంగు తగ్గలేదు. నీటిమట్టం ఎక్కువైనా పొంగుతుంది. ఒక బకెట్ తీసేశాను. ఇంకా పెరిగింది! నీళ్ళలో ఏదైనా చచ్చి కుళ్ళితే పొంగుతుంది. రాళ్ళన్నీ ఎత్తి చూశాను. ఏదీ చావలేదు, చేపలన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్కటే.

"సబ్బు చేత్తో నీళ్ళు ఎవరన్నా ముట్టుకున్నారా అక్కా?"

"ఎవురూ ముట్టలేదప్పా. దేవుని తోడు."

నురగ వేలి మీద తీసుకుని వాసన చూశాను. నీచు వాసన రావాలి. రాలేదు. సీకాయ వాసన. అప్పుడే నూరి, వేడినీళ్ళలో కలిపిన సీకాయ...

"అమ్మ తలకు పోసుకుంటా ఉండాది," అంది మునిలక్ష్మి.

కెంపమ్మ చేతిలోని గోనెపట్టా జారిపోయింది.

"నన్నూ రమ్మంటాది. నాకూ పోస్తాదంట."

జయరామప్ప బిడ్డ నోరు మూసి, గుండెకు అదుముకున్నాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

చీకటి. బయట వాన చప్పుడు. గాలిమోటారు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. గాలి లేకపోతే బుడగ లేదు, బుడగ లేకపోతే నురగ లేదు.

బుడ... బుడ... బుడ...

గొట్టంలో నురగ లేస్తున్న చప్పుడు ఆగలేదు. మోటారు మీద చెయ్యి పెట్టి చూశాను. కదలిక లేదు. ఏదో చల్లగా నా పాదాలను దాటుకుని పోయింది... బిడ్డ ఉన్నవైపు.

"జయరామప్పా," అన్నాను గుసగుసగా, "ఇది నా గొట్టం తప్పు కాదు. ఎక్కడిది అక్కడ పెట్టెయ్. ఇప్పుడే."

ఆయన కొట్లోని హమాలీలను పిలిపించాడు. బిడ్డను ఎత్తుకుని వసారాలో కూర్చోమని, ఏమైనా సరే ఒళ్ళోంచి దించవద్దని కెంపమ్మకు చెప్పాడు. లాంతరు వెలుగులో నీళ్ళు సగం డబ్బాల్లోకి తోడి తొట్టి ఎత్తాం. గది తలుపు తెరిస్తే ముక్కిన వాసన గుప్పుమంది. మంచం వైపు మాలో ఎవరమూ చూడలేదు. తొట్టి పాతచోట పెట్టి, డబ్బాల్లో నీళ్ళు తిరిగి పోశాం. చివరి డబ్బా పోయగానే నురగ అణిగిపోయింది, పాలమీద నీళ్ళు చిలకరించినట్టు. బయటపడి జయరామప్ప తాళం వేశాడు. హమాలీలు కూలి కూడా అడక్కుండా పరుగు తీశారు.

కెంపమ్మ బిడ్డతో లోపలికొచ్చి కూర్చుంది. బిడ్డ ఆమె మెడను కావిలించుకుని ఉంది. జయరామప్ప గోడకానుకుని భోరున ఏడ్చాడు. నాకూ కళ్ళు తడిశాయి. గండం గడిచిందనుకున్నాం.

టక్... టక్... టక్.

మూసిన తలుపు లోపలి నుంచి.

"నాన్నా... తలుపు తియ్యి నాన్నా. చీకటిగా ఉండాది."

మునిలక్ష్మి గొంతు.

నేను కెంపమ్మ ఒళ్ళోకి చూశాను. బిడ్డ అక్కడే ఉంది. తల తిప్పకుండా మెడను అట్లాగే పట్టుకుని ఉంది.

"అక్కా... నువ్వు దించలేదు కదా?" అన్నాడు జయరామప్ప.

కెంపమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "వసారాలో దీపం ఆరిపాయె తమ్ముడూ... అగ్గిపెట్టె కోసరం ఒక్కసారి లేచినా... అంతే... బిడ్డ మళ్ళా వచ్చి ఒళ్ళో కూసునింది..."

"నాన్నా, భయమైతాంది. అమ్మ లేచింది నాన్నా..."

జయరామప్ప తాళంచెవి పట్టుకుని తలుపు దగ్గరికి పోయి ఆగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపలుంది బిడ్డయితే? లోపలున్నది దెయ్యమై, బిడ్డ గొంతుతో ఆశపెట్టి పిలుస్తుంటే?

"మునీ," అన్నాడు.

"ఆఁ నాన్నా."

రెండు గొంతులూ ఒక్కసారే పలికాయి.

ఆయన నావైపు తిరిగాడు. ఆ మొహం పగవాడికి కూడా వద్దు. "నువ్వు పో కదిరప్పా. ఇది నా ఇంటి సంగతి," అన్నాడు. వానలో ఎట్లా ఇల్లు చేరానో నాకే తెలియదు. సంచీ అక్కడే మరిచిపోయాను.

వారం తిరక్కుండానే ఆయన పట్టపగలు నా కొట్టుకు వచ్చాడు, సంచీ తెచ్చాడు. పక్కన మునిలక్ష్మి తండ్రి వేలు పట్టుకుని ఉంది. చెంపలు నిండాయి, ఒళ్ళు చేసింది. నా ప్రాణం లేచొచ్చింది.

"తియ్యలేదప్పా," అన్నాడు మెల్లగా. "మొదుట్లో రేయింబగళ్ళూ పిలిచింది. తర్వాత ఏడ్చింది. గొంతు సన్నబడతా వచ్చింది... చెవుల్లో దూది పెట్టుకున్నా. నిన్నట్నించి ఏమీ లేదు. పీడ వదిలింది."

మేం మాట్లాడుతుంటే పిల్ల గోడవారనున్న నా తొట్ల దగ్గరికి నడిచింది. బంగారు చేపలవి, మనిషి కనిపిస్తే మేతకోసం ఎగబడి ముందుకొచ్చే జాతి. పిల్ల మొదటి తొట్టి ముందు నిలబడింది. చేపలన్నీ వెనక్కిపోయి అవతలి గాజుకు అతుక్కున్నాయి. రెండో తొట్టి. అంతే. మూడోది. అంతే.

"జయరామప్పా... ఇంటికి పో. పోయి ఆ తలుపు తియ్యి. పరుగెత్తు!" అన్నాను.

ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. తొట్ల వైపు చూశాడు. పిల్ల వచ్చి మళ్ళీ ఆయన వేలు పట్టుకుంది.

"పోదాం పా నాన్నా. నాకు ఆకలైతాంది."

ఆయన దాని వెంట నడిచి వెళ్ళాడు. ఇంటివైపు కాదు.

నేను కొట్టు మూసేదాకా ఒక్క చేప కూడా ముందుకు రాలేదు.