దిద్దిన కళ్లు

“సాగర్, ఈసారి నువ్వొక సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి.”

ఏజెంట్ విద్యాసాగర్‌రావు నవ్వబోయి ఆగాడు. చీఫ్ జోకులు వేసే మనిషి కాదు.

అది 1998. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర డిపార్ట్‌మెంట్ ఒక ఫొటో స్టూడియో నడుపుతోంది. పైకి పాస్‌పోర్ట్ ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు. లోపల మన సీక్రెట్ ఏజెంట్లందరి ముఖాలు. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎక్కించాక ఎవరి ఫొటో ఎక్కడుందో దేవుడికే తెలియాలి. సర్ది పెట్టి, అడగ్గానే చూపించే సాఫ్ట్‌వేర్ కోసం రెండు కంపెనీలను పిలిచారు.

అందులో ఒకటి విదేశీ ముఠాదని చీఫ్ చెప్పాడు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఫొటోలన్నీ టెలిఫోన్ లైన్ మీద దేశం దాటతాయి. మనవాళ్లలో ఒక్కడూ మిగలడు.

“ఏది ముఠాదో తెలుసుకోవడానికే తారాబాయి వాళ్లలో చేరింది. నెల నుంచి కబురు లేదు.”

సాగర్ తల వంచుకున్నాడు. తారాబాయిది బోథ్ అనే ఊరు. ఆమె హోటల్ లాబీలో అడుగు పెడితే తలలన్నీ అటే తిరిగేవి. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంది, డిపార్ట్‌మెంట్ తమ మనిషి అనుకుంది. సాగర్‌కి ఆమె ప్రాణం. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

చివరిసారి ఆమె సుల్తానాబాద్‌లో సాగర్ వాళ్లింటికి వచ్చినప్పుడు గోడ మీద అతని తండ్రి, బాపు ఫొటో చూసింది. ఆ కండ్లేంది గట్ల చూస్తున్నయని అడిగింది. బాపు బతికుండగా ఒక్క ఫొటో దిగలేదు. పోయాక శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీయించారు. ఆ ప్రాంతంలో అది మామూలే. తర్వాత పెయింటర్ ప్రింట్ మీద తెరిచిన కళ్లు దిద్దాడు. సాగర్ అదంతా తారకు చెప్పాడు.

“నాకు మాత్రం గట్ల దిద్దియ్యకు సాగర్. మూసినయి మూసినట్టే ఉండనీ.”

అపశకునం మాటలు వద్దని ఆమెను కసిరాడు.

కరీంనగర్‌లో సాగర్ స్టూడియో ఓనర్ రాయమల్లు అయ్యాడు. పెట్టుడు మీసం, సోడాబుడ్డి కళ్లద్దాలు. డార్క్‌రూమ్‌లో పోలీసులు పొంచి ఉన్నారు. మొదటి కంపెనీవాడి సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోకీ పేరేంటి, ఊరేంటి అని అడుగుతూ మధ్యలో ఆగిపోయింది. పాపం, వాడికి చెమటలు పట్టాయి. రెండో కంపెనీ తరఫున కోర్డా అనే విదేశీయుడు వచ్చాడు. సూటు మీద ఒక్క ముడత లేదు. అతను బటన్ నొక్కగానే ఫొటోలన్నీ తేదీల వారీగా వరస కట్టాయి.

“అన్నిటికన్నా కొత్త ఫొటో చూడండి, మిస్టర్ సాగర్.”

మీసం దండగైంది. తెర మీద తార. కుర్చీలో కూర్చుంది. ఒళ్లో ఆ వారం పేపరు. కళ్లు పెద్దవిగా తెరిచి ఉన్నాయి.

ఆమె బతికే ఉందని కోర్డా నెమ్మదిగా చెప్పాడు. ఇన్‌స్టాల్ నొక్కితే సాయంత్రానికి బెల్లంపల్లి స్టేషన్‌లో దిగుతుంది. నొక్కకపోతే లేదు.

డ్యూటీ ఏమిటో సాగర్‌కి బాగా తెలుసు. ఆ క్షణంలో దేశం కన్నా తారే ఎక్కువైంది. నొక్కాడు.

మోడెమ్ కీచుమంటూ డయల్ చేయసాగింది. తారను దగ్గరగా చూసుకోవాలనిపించి సాగర్ ఫొటోను పెద్దది చేశాడు. వెలుతురు ఆమె ఎడమ చెంప మీద పడుతోంది. కళ్లలో తెల్ల చుక్కలు మాత్రం దానికి ఎదురువైపున ఉన్నాయి. ఆ చూపు ఎవరినీ చూడటం లేదు. అది బాపు చూపు.

ఆ చుక్కలు తప్పితే ఈ కళ్లు దిద్దిన పెయింటర్ పనిలో వంక లేదు. అలాంటి కళ్లు ఇక్కడ ఇంటింటా గోడల మీద ఉంటాయని కోర్డాకి తెలియదు, అంతే.

సాగర్ జేబులోంచి డిపార్ట్‌మెంట్ పెన్ను తీశాడు. క్యాప్ తిప్పితే టెలిఫోన్ లైన్ తెగాలి. తిప్పాడు, తెగలేదు. అది ఎప్పుడు పనిచేసింది గనుక? అవతల లైన్ కలిసేలోగా వైరును చేత్తోనే పీకేశాడు. మోడెమ్ గొంతు ఆగింది. కోర్డా పిస్తోలు తీసేలోపు కెమెరా స్టాండు అతని మణికట్టు మీద పడింది. డార్క్‌రూమ్‌లో ఉన్న పోలీసులు వచ్చి బేడీలు వేశారు.

కోర్డా సూట్‌కేసులో అసలు ప్రింట్ దొరికింది. సాగర్ దూదిని నీళ్లలో ముంచి, రంగు మెల్లగా తుడిచాడు. తార కళ్లు మూసుకుంది. అతను స్టూలు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

చీఫ్ ఫోన్ చేసినప్పుడు సాగర్, మొదటి కంపెనీదే మంచిదని, ఆగినా సరే అది మనిషి ఎవరని అడుగుతుందని చెప్పాడు.

“తార ఫొటో కూడా అందులోనే పెడదామా?” చీఫ్ అడిగాడు.

“వద్దు సార్. మా బాపు పక్కకు పెడత. మా ఇంట్ల గోడ మీద ఒక్కరన్నా నిద్రపోవాలె గద.”