పెద్దది ఎలా పాడేది

పొద్దున్నే ఇస్త్రీ షాపు తలుపులు తీయగానే ఆయన ఫోన్లో చిన్నకూతురి పాట పెట్టాడు. పక్కనే ఉన్న భార్యకు ఒళ్లు మండింది. నిన్నా అదే, మొన్నా అదే. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లంతా మీ అమ్మాయి ఎంత బాగా పాడిందండీ అని పొగిడి మరీ పోతుంటే, ఆయన ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. ఆమె మాత్రం తల వంచుకుని ఎవరిదో చొక్కా కాలరు నొక్కుతోంది.

నిజానికి అది పెళ్లిళ్లలోనూ బస్సుల్లోనూ చెవులు చిల్లులు పడేలా మోగే హుషారు పాట. ఒకప్పుడు ఆమెకు అదంటే తగని చిరాకు. అలాంటి పాటను పెద్దకూతురు ఈ బల్ల దగ్గరే ఇస్త్రీ చేస్తూ పాడేది. ఆవిరి బుస్సుమన్నప్పుడల్లా ఆగేది. పైకి వెళ్లాల్సిన చోట గొంతు కీచుమంటే తనే పకపకా నవ్వేది. ఎవరైనా రికార్డు చేద్దామని ఫోన్ ఎత్తితే చాలు, నోరు మూసేసేది. పోయినేడు జ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది. అప్పటినుంచి బజార్లో ఆ పాట మోగితే చాలు, ఆ హోరు వెనక ఆమెకు పెద్దదాని గొంతు వినిపించేది. మోగినంతసేపూ నిలబడి వినేది.

ఇప్పుడు చిన్నది అదే పాటను ఒక్క గిటారుతో, నెమ్మదిగా, గుండె కరిగేలా పాడి నెట్లో పెట్టింది. అక్క కోసం అని కింద రాసింది.

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన చిన్నదాన్ని ఆ పాట తీసెయ్యమని అడిగింది తల్లి. ఆ పిల్ల బిత్తరపోయింది. నాకు పేరొస్తే నీకెందుకమ్మా కంటగింపు, ఈ ఇంట్లో ఎప్పుడూ అక్కేనా అంది. మాటా మాటా పెరిగింది. చివరికి తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"నువ్వు బాగా పాడావే. అదే నా ఖర్మ. అక్క గొంతు గుర్తు చేసుకుందామంటే నీ గొంతే వస్తోంది. అది ఎలా పాడేదో నాకు తెలీకుండా పోయింది."

చిన్నదాని మొహం పాలిపోయింది.

"నాకు ఎప్పుడో పోయిందమ్మా. పాడితే వస్తుందేమోనని పాడాను."

ఇద్దరూ కలిసి ఆ పాటను పెద్దదానిలా హుషారుగా అందుకోబోయారు. రెండో మాటకే పాట నెమ్మదించింది. తల్లి బల్లమీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

లోపల బట్టలు మడతపెడుతున్న ఆయన ఆ మాటలూ ఏడుపూ విని వచ్చాడు. ఇంతదానికేనా, నాకు గుర్తుందిగా అన్నాడు. గోడకు చేరబడి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. చిన్నది సాగదీసిన చోటల్లా సాగదీశాడు. చిన్నది ఊపిరి తీసుకున్న చోటే తీసుకున్నాడు. ఎక్కడా నవ్వలేదు. పాడుతుంటే కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"అచ్చం ఇలాగే కదే?" అని అడిగాడు. పెద్దది పోయాక ఆయన మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

చిన్నది తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవునండీ," అంది ఆమె. "అచ్చం ఇలాగే పాడేది."