పొగిడితే పగిలే పలకలు

"సోమవారం కోచ్ వస్తాంది, గేటు కాడ నువ్వే చూసుకో," అని సావుకారు లక్ష్మీనరసయ్య ఫోన్లో చెప్పిన మాట రామ్‌ప్రసాద్ చెవిలోకి బస్సు సైజులో దూరింది.

మార్కాపురం శివార్లలో పలకల ఫ్యాక్టరీ అది. బడిపిల్లల పలకలకు గిరాకీ తగ్గి, ఇప్పుడు ఇంటి గోడలకూ హోటల్ బల్లలకూ నల్లరాతి పలకలు కోసి దూరదేశాలకు పంపుతున్నారు. డిస్పాచ్ ఇన్‌ఛార్జ్ రామ్‌ప్రసాద్‌ది అర్ధవీడు, చదివింది డిప్లొమా. కోచ్ అంటే విదేశీ కస్టమర్లు ఎక్కివచ్చే ఏసీ బస్సే అనుకున్నాడు. లోపలున్న లారీలన్నీ రోడ్డు మీదికి తోలించి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిపించి, ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

ఆటో వచ్చి ఆగింది. భుజాన బ్యాగుతో ఒక అమ్మాయి దిగింది.

"పక్కకు జరగండి మేడమ్, కోచ్ వస్తాంది."

"నేనే కోచ్‌ని."

రామ్‌ప్రసాద్ ఆమెను ఒకసారి, ఆమె వెనక ఖాళీ రోడ్డును ఒకసారి చూశాడు. "మీలో ఎంతమంది పడతారు?"

"మీలాంటివాళ్లు ఒక్కరు కూడా పట్టరు," అని ఆమె అతని చేతిలోని ఎర్రగుడ్డను దాటుకుని లోపలికి నడిచింది.

పేరు మనోజ్ఞ, పెరిగింది హైదరాబాదులో. పనిచేసే చోట టీమ్‌లను బాగుచేయడం ఆమె పని. ఎవరికి ఏం రాదో వెతకడం మానేసి ఎవరికి ఏం వచ్చో వెతకాలి, ఆ బలం మీదే పని పేర్చాలి, ఇదీ ఆమె పద్ధతి. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాక దొరికిన మొదటి ఫ్యాక్టరీ ఇదే. పెద్ద లోడు ఒకటి పగుళ్లు లేకుండా పోతే ఏడాది కాంట్రాక్టు, లేకపోతే నమస్కారం అన్నాడు సావుకారు. ఆ నమస్కారం పెట్టించుకుంటే ఆమె పాత కంపెనీ మెట్లే మళ్లీ ఎక్కాలి.

కొన్నాళ్లు షెడ్డంతా తిరిగి చూసింది. అక్కడ అందరూ అన్ని పనులూ వంతులవారీగా చేస్తున్నారు. ఒక ఉదయం అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది.

"పక్కనున్నవాళ్లలో మీకు నచ్చిన బలం ఒకటి చెప్పండి."

ఫ్యాను తిరుగుతోంది గానీ ఎవరి నోరూ తిరగలేదు. చివరికి పెట్టెలు కట్టే రోశమ్మ లేచి కోత మిషన్ ఎజ్రా వైపు చెయ్యి చూపింది.

"ఈయప్ప గురక పెడతాడమ్మా."

"అది బలం కాదండీ."

"చానా బలంగా పెడతాడు."

ఇక లాభం లేదని మనోజ్ఞే మొదలుపెట్టింది. ప్యాకింగ్‌లో నాగేంద్రమ్మ చేతిలో పలక పగలడం తాను చూడలేదంది. ఎజ్రా కోస్తే వంకర అనేది ఉండదంది. రోశమ్మ కట్టిన పెట్టె కదలదంది. రామ్‌ప్రసాద్ ఏదైనా సూటిగా, ముఖం మీదే చెబుతాడంది. చప్పట్లు కొట్టమంది. అందరూ చప్పగా కొట్టారు.

"ఇప్పుడు రామ్‌ప్రసాద్ గారు నాలో ఒకటి చెబుతారు."

అతను ఆమె వైపు చూశాడు. చూపు తిప్పుకోవడం కాసేపు మర్చిపోయాడు. తర్వాత గబగబా అన్నాడు.

"మీ అక్షరాలు కోడి కెలికినట్లుంటాయి. నడిచేటప్పుడు కింద చూడరు. టీలో చక్కెర మరీ ఎక్కువ."

షెడ్డు హాయిగా నవ్వింది. మనోజ్ఞ నవ్వలేదు. ఎర్రగుడ్డ నాటి కక్ష ఇంకా తీరలేదు కాబోలనుకుంది.

మర్నాటి నుంచి పగుళ్లు తగ్గలేదు సరిగదా, పెరిగాయి. పగిలేవి నాగేంద్రమ్మ చేతిలోనే. వంకరపోయేవి ఎజ్రా కోతలే. ఊడేవి రోశమ్మ కట్టిన పెట్టెలే. రామ్‌ప్రసాద్‌ను లారీ ఎప్పుడొస్తుందని అడిగితే, "ఆకాశం చూడండి, ఎట్ల ఉందో," అంటున్నాడు.

సావుకారు ఆమెను పిలిచాడు. "అమ్మా, నేను తిట్టినప్పుడు పనన్నా జరిగేది. నువ్వు పొగిడినాక పలకలు పగులుతున్నాయి. పొగడ్తకూ పగుళ్లకూ ఇంత దగ్గర చుట్టరికం ఉందని నాకు తెలియదు. శనివారం లోడు పోతాంది. అది చెడితే నువ్వూ బండెక్కొచ్చు."

ఆ మధ్యాహ్నం వాన పడింది. రేకుల మీద చప్పుడుకు దూరాన ఉన్నవాళ్లకు ఏమీ వినపడటం లేదు. ఆ చప్పుడు చాటున నాగేంద్రమ్మ ఒక మంచి పలక ఏరుకుని, దాని మూలను బల్లకేసి సుతారంగా కొట్టడం మనోజ్ఞ కంటపడింది.

"ఏంటక్కా అది?"

"దిష్టికి, పాపా." నాగేంద్రమ్మ దాచలేదు. "చంటిబిడ్డ బుగ్గకు నల్లచుక్క పెడతాం గదా, అట్లనే. నలుగుర్లో చప్పట్లు కొట్టించి మరీ అంటివి, నా చేతిలో పగలదని. సాయంత్రానికే చెయ్యి లాగింది. కావాలని పగలగొడతాన్నాను, ఇప్పుడు బాగుంది."

"ఎజ్రా గారూ, మీరు కూడానా?"

"మాకు ఆ పట్టింపులు లేవు మేడమ్," అన్నాడు ఎజ్రా మిషన్ ఆపి. "చర్చిలో కూడా వద్దంటారు. అయినా రిస్కెందుకని."

మనోజ్ఞ టీ బల్ల దగ్గరకు వెళ్లింది. రామ్‌ప్రసాద్ అక్కడే వాన చూస్తూ నిలబడ్డాడు.

"వీళ్లంతా కావాలని పాడుచేస్తున్నారు. మీకు తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సూటిగా మాట్లాడతానని మీరే పొగిడితిరి. అప్పట్నుంచి నేనూ జాగ్రత్తలోనే ఉండాను. ఏదడిగినా వంకరగా చెబుతాన్నా."

ఆమెకు నవ్వొచ్చింది. దాన్ని మింగి, "మరి నన్ను మాత్రం వరసబెట్టి తిట్టారే. అంత కోపమా నా మీద?" అంది.

రామ్‌ప్రసాద్ చెయ్యి చాపి చినుకులు పట్టాడు. "ఈ వాన గిద్దలూరు దాకా ఉన్నట్లుంది," అన్నాడు.

మర్నాడు మనోజ్ఞ చప్పట్ల జోలికి పోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని షెడ్డు మధ్యలో నిలబడింది.

"నాగేంద్రమ్మక్కా, నీదంతా చాదస్తం. పలకను పసిబిడ్డను ఎత్తినట్లు ఎత్తుతావు. నీతో తెమలదు. పల్చటి పలకలు చుట్టే పని ఒక్కటే నీకు, వేరేది ముట్టుకోకు. ఎజ్రన్నా, వెంట్రుకంత తేడా వస్తే నీకు అన్నం సయించదు, అదేం పిచ్చి? మిషన్ దగ్గర్నుంచి కదలొద్దు. రోశమ్మత్తా, కట్టిన తాడును మళ్లీ మళ్లీ లాగి చూస్తావు, ఇంత అనుమానపు మనిషిని నేనెక్కడా చూడలేదు. ఇకనుంచి ప్రతి పెట్టెనూ చివర్లో నువ్వే అనుమానించాలి."

ముగ్గురి ముఖాలూ వెలిగాయి. "ఇప్పుడు దారికొచ్చింది పిల్ల," అంది రోశమ్మ. వంతులు పోయాయి, పంతాలు వచ్చాయి. ఎవరి పని వాళ్ల చేతికి సరిగ్గా సరిపోయింది. ఒక్క పలకా బుగ్గచుక్క అడగలేదు.

శనివారం పెట్టెలు లారీ ఎక్కే ముందు సావుకారు తనకు తోచినవి విప్పించి చూశాడు. లోపల పలకలన్నీ నున్నగా, పగుళ్లు లేకుండా ఉన్నాయి. ఆయన మనోజ్ఞ వైపు తిరిగి, "అమ్మా, నీ అంత తెలివైన..." అని మొదలుపెట్టాడు.

"సావుకారా, నోరు జాగర్త," అంది నాగేంద్రమ్మ.

అప్పుడు పగుళ్ల సంగతంతా ఆమె నోటే బయటపడింది. సావుకారు విన్నాడు. కోప్పడాలో మెచ్చుకోవాలో తేలక, మెచ్చుకోవడం ప్రమాదమని గుర్తొచ్చి, "పనికిమాలిన మందంతా నా ఫ్యాక్టరీలోనే చేరినారు," అన్నాడు. అందరూ సంతోషించారు.

"అమ్మా, కాంట్రాక్టు నీదే. కాకపోతే ఈ రామ్‌ప్రసాదుకు నువ్వంటే పడదు గదా. వచ్చిన కాడ్నుంచి తిడతానే ఉండాడు. వాణ్ని కంభం గోడౌన్‌కు మార్చమంటావా?"

"ఆయన్ను మార్చొద్దండీ," అంది మనోజ్ఞ. "నావల్ల ఇబ్బందైతే కాంట్రాక్టు వద్దు, నేనే వెళ్లిపోతాను."

నాగేంద్రమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎవరికి దిష్టి తగలకూడదనుకుంటామో వాళ్లనే గదా తిట్టేది. నేను మా ఆయన్ను మెచ్చుకోంగ ఎవరన్నా చూసినారా? మన రామ్‌ప్రసాదుకు ఈ పిల్లలో అన్నీ తప్పులే కనపడె. ఎందుకో ఇంకా తెలియలా మీకు?"

షెడ్డంతా రామ్‌ప్రసాద్ వైపు తిరిగింది. అతను లారీ టైరు వైపు తిరిగాడు.

"నిజమేనా?" అంది మనోజ్ఞ.

"టైర్లలో గాలి సరిగ్గానే ఉంది," అన్నాడతను.

మనోజ్ఞకు అర్థమైంది. ఆ వంకర తాను పెట్టిందే, తీయాల్సింది కూడా తానే. గొంతు పెంచింది.

"రామ్‌ప్రసాద్ గారూ, మీరు సూటిగా మాట్లాడతారే, అది నాకసలు పడదు. మొరటు. మంచీ మర్యాదా లేదు. అలాంటి మాట వినే ఓపిక నాకు లేదు."

రామ్‌ప్రసాద్ భుజాల మీంచి పెద్ద బస్తా దిగినట్లయింది. తిన్నగా ఆమె ముఖంలోకే చూశాడు.

"మీరు పోవద్దు. మీరంటే నాకిష్టం. నాయనతో చెప్పి మీ ఇంటికి మాట్లాడటానికి వస్తాం. మీకిష్టమైతేనే."

ఎజ్రా మిషన్ ఆపేశాడు. మనోజ్ఞ చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం గంభీరంగానే ఉంది.

"మీ అంత పనికిరాని మనిషిని నేను ఎక్కడా చూడలేదు. మీలో నాకు నచ్చింది ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు."

సావుకారు ముఖం వాడిపోయింది. "అయ్యో, కాదనిందే పిల్ల."

"మీకెట్ల చెప్పాల సావుకారా," అని నాగేంద్రమ్మ అందరికీ వినబడేట్టు అంది, "ఒప్పుకుంది."